విన్ననాటి మైల

రెండో నెల, పద్నాలుగు. మియా రేవు సత్రంలో.

నా పేరు సుతె. వయసు అరవై ఆరు. ఊరు కామిసావా. పోయిన జింబేయి భార్యను. ఇంట్లో ఉన్నది నా కొడుకు కిసబురో, కోడలు నుయి, కోడలి కడుపులో ఇంకా నెలలు నిండని బిడ్డ, ఒక ముసలి గుర్రం, అటక మీద పట్టుపురుగుల తట్టలు. సుతె అంటే పారేసినది అని. నాకు ముందు పుట్టినవాళ్లు ఎవరూ నిలవలేదు. అందుకని ఏడో నాడు మా అమ్మ నన్ను నాలుగు దారులు కలిసేచోట పడుకోబెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచిందట. పక్కింటావిడ ఎత్తుకుని, ‘ఎవరిదమ్మా ఈ బిడ్డ, నాకు దొరికింది’ అని కేకేసి మళ్లీ మా ఇంట్లోనే ఇచ్చింది. పారేసినదాన్ని చావు కూడా పట్టించుకోదని మావాళ్ల నమ్మకం. పట్టించుకోలేదు.

నాకు చదువు రాదు. రాసేది జెన్‌కాయి స్వామి. మా కొండ మీద దేవతా బుద్ధుడూ ఒకే ఆవరణలో ఉన్నన్నాళ్లూ ఇద్దరికీ ఈయనే పూజ చేసేవాడు. కొత్త ప్రభుత్వం వచ్చి ఇద్దర్నీ విడదీసింది. బుద్ధుణ్ణి ఎడ్లబండి మీద కిందికి దింపారు. ఈయన్ని జుట్టు పెంచుకోమన్నారు. పెంచుతున్నాడు. ఇప్పుడా తల కోసిన వరిమడిలా ఉంది. నవ్వకు స్వామీ, అది కూడా రాయి.

ఇది ఎందుకు రాయిస్తున్నానో ముందే చెబుతాను. మా ఊళ్లో ఇసే సంఘం ఉంది. ఏటా చీటీ తీస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్లు ఊరందరి తరఫునా ఇసే వెళ్లి సూర్యదేవికి మొక్కి, ఇంటింటికీ రక్షలు తేవాలి. ఈ ఏడు మా ఇంటికి వచ్చింది. భార్య కడుపుతో ఉన్న మగవాడు వెళ్లకూడదు కనక నేను బయల్దేరాను. సంఘం పెద్ద గొహేయికి అది నచ్చలేదు. తన తమ్ముణ్ణి పంపాలని వాడి ఆశ.

“ఇంట్లో చూలాలిని పెట్టుకుని పోతున్నావు. దారిలో చావు కబురో పురుడు కబురో చెవిన పడితే? విన్ననాటి నుంచి మైల. మైలతో గుడి ముందరి తోరీ ద్వారం దాటావంటే అనుభవించేది ఊరంతా.”

“చీటీ పలికించింది దేవత. నువ్వు కాదు” అన్నాను.

వాడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు, అదే నా బాధ. యాసుకే వాళ్ల నాన్న ఒక ఏడు ఇలాగే వెళ్లాడు. దారిలో అక్క చచ్చిన కబురు విని కూడా నోరు మెదపకుండా తోరీ దాటాడు. ఆ ఏడు వడగళ్లు పడి మల్బరీ తోటల్లో ఆకు మిగల్లేదు. ఆనాటి నుంచి వాళ్ల ఇంటికి నిప్పంటుకుంటేనో, శవం లేస్తేనో తప్ప ఊళ్లో ఎవరూ వాళ్ల గడప తొక్కరు. నాట్లకు సాయం రారు, పెళ్లికి పిలవరు. తండ్రి పోయాడు గానీ ఆ వెలి యాసుకే నెత్తిన అలాగే ఉంది.

మా ఇల్లు అలా కాకూడదు. రేపు ఎవరైనా నన్ను నిలదీస్తే చూపించడానికి, ఏ రోజు ఏం విన్నానో, ఏం వినలేదో రాయించి నడికట్టులో దాచుకుంటాను. అవసరం పడకపోతే పొయ్యిలో వేస్తాను. స్వామిని గొహేయి పంపింది నా మీద కాపలాకి. ఆ కాపలావాడి చేతే రాయిస్తున్నాను.

ఇవాళ్టికి నాకేమీ తెలియదు.

పదిహేను.

పడవ. అలలు. స్వామి వాంతి చేసుకున్నాడు. కువానాలో కాల్చిన ఆల్చిప్పలు తిన్నాం. నాకేమీ తెలియదు.

పదిహేడు, షిరోకో.

ఇక్కడ బౌద్ధుల పురుళ్ల తల్లి కన్నోన్ గుడి ఉంది. గుడి ముందు ఏడాది పొడుగునా పూసే చెర్రీ చెట్టు. దాని ఆకు ఒకటి కాగితంలో మడిచి ఇస్తారు. కాన్పు అయ్యేదాకా చూలాలు దగ్గర పెట్టుకోవాలి.

ఆకు నుయి అడగలేదు. నుయి నన్ను ఏదీ అడగదు. నేను బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి, “వెళ్లి రా అత్తా. నీ నోరు వినబడకపోతే బిడ్డకు పొద్దెక్కిందో లేదో కూడా తెలియదేమో” అంది. అలాంటి నోరు దానిది. నేను కూడా ఊరుకోలేదు. “నా పేరున రోజూ బల్ల పెట్టేటప్పుడు కాస్త పెద్ద గిన్నె వాడు, పిసినారిదానా” అన్నాను. ఇంట్లోంచి ఎవరు దూరం వెళ్లినా వాళ్ల పేరున చిన్న బల్ల మీద పూటపూటా వేడి అన్నం పెడతాం కదా. మూత తీస్తే లోపల నీటిచుక్కలుంటే బాటసారి క్షేమం అని.

నుయికి ఇంతకుముందు రెండు కాన్పులు పోయాయి. రెండుసార్లూ వెనక కూర్చుని నడుం పట్టుకున్నది నేనే.

చీపురు పట్టుకున్న ముసలి సన్యాసిని ఆకు ఇస్తూ, “మొదటిదా?” అంది. “మూడోది” అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. తెలివైన మనిషి.

ఆకు రక్షల కోసం వీపున మోస్తున్న పెట్టెలో పెట్టలేదు. నా రొమ్ము దగ్గర పెట్టుకున్నాను. బుద్ధుడి వస్తువు, దేవత వస్తువు ఒకచోట ఉంటే ప్రభుత్వం ఒప్పుకోదని స్వామి అన్నాడు. ఎగతాళి చేశాడో నిజమే చెప్పాడో ఆ మొహం చూస్తే తెలియదు.

పద్దెనిమిది. మత్సుసాకా.

సాయంత్రం సత్రం గుమ్మంలో కూర్చుని కాళ్లు కడుక్కుంటున్నాను. ఎదురుగా ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. మోకాళ్ల దాకా దుమ్ము. గడ్డిచెప్పులు పీచుపీచు అయిపోయి ఉన్నాయి. తలెత్తి చూస్తే యాసుకే.

“పెద్దమ్మా! నుయి...”

కాళ్లు కడుక్కున్న నీళ్లు తొట్టెతో సహా ఎత్తి వాడి మొహాన కొట్టాను.

సత్రంలో అందరూ పగలబడి నవ్వారు. వాడు నవ్వలేదు. మొహం తుడుచుకుని మళ్లీ నోరు తెరిచాడు. నేను లేచి నా అరచెయ్యి వాడి నోటికి అడ్డం పెట్టాను.

“ఒరే, ఎల్లుండి నేను తోరీ దాటాలి. నీ నోట్లో ఉన్నది ఏదైనా సరే మింగెయ్యి.”

“అది కాదు పెద్దమ్మా, ముందు నా మాట...”

“విన్ననాటి నుంచి మైల! ఆ మాట నీకంటే బాగా తెలిసినవాడు ఊళ్లో ఇంకొకడు ఉన్నాడా?”

దాంతో వాడి మొహం మాడిపోయింది. ఆ మాట అని ఉండకూడదు. అన్నాను. పక్క దుప్పట్లోంచి దూది పీకి రెండు చెవుల్లో కుక్కుకున్నాను.

స్వామి ఒక ఉపాయం చెప్పాడు. దూది తీసి విన్నాను. “నేను పక్కకు తీసుకెళ్లి వింటాను. అది మైల కబురు కాకపోతే మీకు చెబుతాను.”

“అవునా? చెబితే సరే. చెప్పకపోతే? నువ్వు చెప్పలేదంటేనే నాకు తెలిసిపోయినట్టు కదా?”

ఇన్నేళ్లు శాస్త్రాలు చదివిన స్వామి వెళ్లి కలం, సిరా తెచ్చుకున్నాడు.

నాకేమీ తెలియదు. మనిషి పరిగెత్తి వచ్చాడు, అంతవరకే తెలుసు. పరిగెత్తి రావడానికి కారణాలు చాలా ఉంటాయి. గుర్రం చచ్చి ఉండొచ్చు. గుర్రం ముసలిది.

పంతొమ్మిది.

రాత్రంతా లెక్కలు వేశాను. చావు కబురైతే కిసబురో ఊరివాళ్లను ఎవరినైనా పంపాలి, ఇద్దరిద్దర్ని పంపడం ఆచారం. వీడు ఒక్కడే వచ్చాడు కాబట్టి చావు కాదు. కానీ ఊళ్లోవాళ్లు రామన్నారేమో. వెలివేసినవాడు తప్ప ఇంకెవరూ దొరకలేదేమో. పురుడైతే? నెలలు నిండలేదు కదా. నిండకుండా అయితే ఆ రెండూ ఒక్కటే.

గుర్రమే అయి ఉంటుంది.

పొద్దున్నే ఆకు తీసి వాడి చేతిలో పెట్టాను. “ఇది పట్టుకుని వెనక్కి పరిగెత్తు. నుయికి ఇవ్వు.”

వాడు దాన్ని చూసి తిరిగి నా చేతిలోనే పెట్టాడు. తల అడ్డంగా ఊపాడు. “పెద్దమ్మా, దానికి కావాల్సింది ఆకు కాదు...”

చెయ్యి అడ్డం పెట్టాను. ఆ రెండు ముక్కలూ మాత్రం పడ్డాయి. ఆకు కాదు.

ఆకు అక్కర్లేదంటే కాన్పు అయిపోయిందని. లేకపోతే.

స్వామీ, ఇది రాయొద్దు. సరే, రాసేశావా? ఉండనీ. అయినా నాకేమీ తెలియదు. రెండు ముక్కలకు మైల ఉండదు. ఉంటుందా?

మియాగవా ఏరు దాటాం. చన్నీళ్లలో మూడు మునకలు వేశాను. ఒళ్లు వణికింది. చలికే.

ఇరవై. ఇసే.

అడవిలాంటి తోట. పెద్ద పెద్ద దేవదారులు. గులకరాళ్ల మీద వేలమంది కాళ్ల చప్పుడు తప్ప మనుషుల గొంతులు లేవు.

తోరీ ముందు ముగ్గురం ఆగాం. స్వామి ఆగింది తల సంగతి తేలక. ఇదివరకు గుండు ఉన్నవాణ్ణి దగ్గరికి రానిచ్చేవారు కాదు, ఏటి ఇవతల నుంచి దణ్ణం పెట్టుకోవాలి. ఇప్పుడు ఈయన సన్యాసి కాదని రాజముద్ర వేసిన కాగితం ఉంది.

“పోనీ అమ్మా, నేను ఇక్కడే ఉంటాను” అన్నాడు.

“జుట్టు కొసలు దేవతవి, కుదుళ్లు బుద్ధుడివి. కొసలు ముందు పెట్టుకుని నడువు” అన్నాను.

నడిచాడు. లోపల గులకరాళ్ల మీద మోకరిల్లి ఏడ్చాడు. ఎవరి కోసమో అడగలేదు.

యాసుకే మాత్రం తోరీ బయట, దారి పక్కన చతికిలబడ్డాడు. “నేను రాను” అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. అడిగితే చెబుతాడు. కానీ చూశాను. మైల మోసుకొచ్చినవాడు తోరీ దాటడు కదా. వాడి నోట్లో ఉన్నది చావే అని నా మోకాళ్లకు తెలిసింది. నాకు తెలియలేదు. మోకాళ్లకు తెలిసింది.

నడిచాను. కుడికాలు ముందు పెట్టి దాటాను.

సంఘం తరఫున మొక్కాలి. సొంత కోరిక కోరకూడదు. వానలు, పట్టుపురుగులు, వరి. తర్వాత ఇంటింటి పేరూ చెప్పుకుంటూ వచ్చాను. గొహేయి ఇల్లు మొదట చెప్పాను, పెద్ద కనక. యాసుకే ఇల్లు కూడా చెప్పాను, సంఘంలో లేకపోయినా. మా ఇల్లు చివరికి పెట్టుకున్నాను, మర్యాద అని. కిసబురో అన్నాను. వెనక నుంచి జనం తోసేశారు.

నుయి పేరు చెప్పలేదు.

మళ్లీ వెనక్కి వెళ్లబోయాను. కావలివాడు ముందుకు సాగమన్నాడు.

ఇరవై ఒకటి.

ఏరు దాటి ఇవతలికి వచ్చాం. యాసుకే నా ముందుకొచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

“ఇక చెప్పొచ్చా? కబురు నోట్లో ఊరి ఊరి ఊరగాయ అయిపోయింది.”

“వీపు మీద ఏముందో చూడు.”

“పెట్టె.”

“అందులో అమ్మవారి రక్షలున్నాయి. వాటిని మన ఊరి గుళ్లో పెట్టేదాకా నేను సంఘం మనిషినే.”

“తోరీ దాటేదాకా అన్నావు!”

“ఇప్పుడు ఊరి గుడి అంటున్నాను.”

“ఊరెళ్లాక ఏమంటావు? పంట ఇంటికొచ్చేదాకా అంటావా?”

స్వామి కలం కింద పెట్టాడు. “నేను ఇది రాయను. మీరు దేవతకు భయపడటం లేదమ్మా” అన్నాడు.

“ఏంటి?”

“నిన్నటిదాకా దేవత కోసం. ఇవాళ దేవత కోసం కాదు.”

కొట్టడానికి చెయ్యెత్తాను. ఆ తలను చూస్తే మొలకలున్న మడి మీద కొట్టినట్టుంటుందని దించేశాను. రాయమన్నాను. రాశాడు.

నడిచాం. ముగ్గురమూ వేరువేరుగా నడిచాం.

ఇరవై రెండు.

ఏమీ రాయొద్దు.

ఇరవై మూడు. కువానా.

గాలి. పడవలు లేవు. ఏటి మీది చిన్న పడవలు కూడా కట్టేశారు. రేవులో నిలబడి ప్రతి పడవవాడినీ బతిమాలాను. నేను బతిమాలడం యాసుకే ఎప్పుడూ చూడలేదు. మొహం తిప్పుకున్నాడు.

నిన్నటిది చెబుతాను, రాయి.

తిరుగుదారిలో షిరోకో మళ్లీ వచ్చింది. గుడి ముందు నుంచి తల వంచుకుని పోదామనుకున్నాను. ఆ ముసలి సన్యాసిని రాలిన పూరేకులు ఊడుస్తూ నన్ను గుర్తుపట్టింది.

“మూడోది ఎలా ఉంది? క్షేమమా?”

నేను జవాబు చెప్పాలని నోరు తెరిచాను. నాకేమీ తెలియదు అనే మాట రావాలి. రోజూ ఇదే కదా రాయించింది. రాలేదు. అక్కడే మెట్ల మీద కూలబడ్డాను.

ఆమె చీపురు పక్కన పెట్టింది. “లోపలికి రా తల్లీ. ఇక్కడ మైలా గియిలా లేదు. ఈ తల్లి శవాలకు భయపడదు, పురిటి నెత్తురుకూ భయపడదు.”

అప్పుడు పెట్టె విప్పి స్వామి చేతికిచ్చాను. “దీన్ని పట్టుకుని ఆ రోడ్డు చివరి పైన్ చెట్టు దాకా పో. ఇక్కడి మాటలు అమ్మవారికి వినబడకూడదు. నేను చెయ్యి ఊపేదాకా రావద్దు.” స్వామి నవ్వలేదు. పెట్టె గుండెలకు హత్తుకుని వెళ్లి ఆ చెట్టు కింద, మాకు వీపు తిప్పి నిలబడ్డాడు.

“చెప్పరా” అన్నాను.

యాసుకే నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఇన్నాళ్లు ఆపిన మాట దారి మర్చిపోయినట్టుంది.

“చావు కాదు పెద్దమ్మా. పురుడూ కాదు. నెత్తురు కనబడింది. మంత్రసాని కదలొద్దని పడుకోబెట్టింది. నెల గడవడం కష్టమే, ఏ రోజైనా రావచ్చు అంది. నుయి నాకు కబురంపింది. ఊళ్లో ఎవరూ రామన్నారు, గొహేయి వద్దన్నాడని. నేను వెళ్లి కిటికీ బయట నిలబడ్డాను. లోపల నుంచి చెప్పింది.”

“ఏమని?”

“‘మా అత్తను తీసుకురా. ఇసే వచ్చే ఏడూ ఉంటుంది. ఆమె వెనక కూర్చుంటే తప్ప నేను కనలేను’ అంది.”

రొమ్ము దగ్గరి ఆకు మీద చెయ్యి పెట్టుకున్నాను.

“ఇందులో మైల ఏముంది పెద్దమ్మా?” అన్నాడు. తిట్టలేదు. నిజంగానే అడిగాడు.

“మరి తోరీ ఎందుకు దాటలేదురా? బయటే కూర్చున్నావే!”

“మా నాన్న నాటి నుంచి మా ఇంట్లో ఎవరం ఏ తోరీ దాటలేదు. దాటితే మళ్లీ మామీదే పడుతుందని. అలవాటైపోయింది.”

ఆకు కాదు అన్నాడు. ఆకు కాదు, నువ్వు అనబోయాడు. నేను నా చేత్తో ఆ మాటను సగానికి తుంచేశాను. మత్సుసాకాలో కాళ్లు కడుక్కున్న సాయంత్రమే వెనక్కి తిరిగి ఉంటే ఈపాటికి ఇంట్లో ఉందును.

గాలి తగ్గలేదు.

ఇరవై నాలుగు.

గాలి.

ఇరవై ఆరు. మా ఊరు.

రాసేది మర్నాడు. ఆ రోజు తీరిక లేదు.

పొలిమేరలో ఎదుర్కోలుకు సంఘమంతా వచ్చింది. చాపలు పరిచారు, సారా జాడీలు తెచ్చారు. పిల్లలు అరిచారు. కిసబురో లేడు.

“నా కొడుకేడి? కోడలెలా ఉంది?” అన్నాను.

గొహేయి రెండు చేతులూ ఎత్తాడు. “ఎవరూ నోరు తెరవద్దు! రక్షలు గుళ్లో పెట్టేదాకా ఆమె చెవిలో ఏదీ పడకూడదు. ముందు గుడికి, తర్వాత విందు, ఆ తర్వాత కబుర్లు.”

అందరూ చేతుల్లోని గిన్నెల్లోకి చూసుకున్నారు. ఒక్కరి మొహం కూడా పైకి లేవలేదు. వాళ్ల తప్పు లేదు. అది నా చట్టమే. యాసుకే మొహాన నీళ్లతో కొట్టింది ఈ చట్టం కోసమే. ఇప్పుడది నా మొహాన పడింది.

పెట్టె విప్పి గొహేయి చేతుల్లో కుక్కాను.

“నీ తమ్ముడు మొయ్యాలని కదా నీ ఆశ. ఇసే దాకా నేను మోశాను. గుడి దాకా నువ్వు మొయ్యి.”

“ముసలమ్మా! సగంలో వదిలేస్తే సంఘం ఏమంటుందో...”

ఏమంటుందో వినలేదు. ఈసారి వినకపోవడంలో తప్పు లేదు.

ఇంటి వెనక పురిటిపాక ముందు కిసబురో వేరు పొయ్యి మీద గంజి కాస్తున్నాడు. నన్ను చూసి లేచాడు. కళ్లు గుంటలు పడి ఉన్నాయి. “అమ్మా, రోజూ నీ బల్ల పెట్టాను. తను పెట్టించింది. మూత తీసి పాక గుమ్మంలోంచి చూపించాలి. చుక్కలున్నాయా, ఉన్నాయా అని అడిగేది. చూసేదాకా గంజి తాగేది కాదు.”

“బతికుందా?”

వాడు పాక వైపు చూపించాడు.

వంగి లోపలికి వెళ్లాను. బాలింత ఏడు రోజులు పడుకోకూడదు కదా, నుయి కూర్చుని ఉంది, మొహం పాలిపోయి కాగితంలా ఉంది. వీపుకు ఆనుకోవడానికి గడ్డికట్టలు పెట్టారు. ఒకదాని మీద ఒకటి, నా ఎత్తుకు సరిగ్గా. నేను కూర్చోవాల్సిన చోట.

ఒళ్లో పట్టుదూదిలో చుట్టిన ఏదో ఉంది. అది ఆవలించింది. ముల్లంగి అంత కూడా లేదు. ఆడపిల్ల. గాలి ఆగని రోజు పుట్టింది.

నుయి నన్ను కిందికీ పైకీ చూసింది.

“వచ్చావా అత్తా. చెవులు తెచ్చుకున్నావా, ఇసేలో సమర్పించి వచ్చావా?”

గడ్డికట్టలు ఒక్కొక్కటే లాగి గుమ్మంలోంచి బయట పారేశాను. వెనక కూర్చుని దాని వీపు నా రొమ్ముకు ఆనించుకున్నాను. మొదట కర్రలా బిగుసుకుంది. తర్వాత మెల్లగా బరువు వదిలింది. రొమ్ము దగ్గర ఆకు నలిగిన చప్పుడైంది.

“ఏంటది?”

“ఆకు.”

“ఇప్పుడు తెచ్చావా.”

“ఇప్పుడు తెచ్చాను. చెప్పు. మొదటి నుంచి చెప్పు. వింటాను.”

చెప్పింది. ఎవరిని పిలిచిందో, ఎవరు రాలేదో, దేన్ని పట్టుకుని కన్నదో అంతా చెప్పింది. అది రాయించను. అది సంఘానికి కాదు.

మూడో నెల, మొదటి రోజు.

నిన్న గొహేయి వచ్చాడు. పురుడున్న ఇల్లని కంచె అవతలే నిలబడ్డాడు. నేను రక్షలను గుడికి చేర్చకుండా పొలిమేరలో వదిలేశాననీ, విందు కాకముందే పురిటిమైలలో కూర్చున్నాననీ, ఈ ఏడు వడగళ్లు పడితే మా ఇల్లే జవాబు చెప్పాలనీ, సంఘం కూర్చుని తేలుస్తుందనీ అరిచాడు.

తేల్చుకోండి. నా మాట ఇది. కామిసావా సుతె తోరీ దాటేటప్పుడు ఏ మైలా లేదు. చావు లేదు, పురుడు లేదు, కబురూ లేదు. దేవత దగ్గరికి వెళ్లింది శుద్ధంగానే. ఊరి తరఫున ఒక్క ఇల్లు కూడా వదలకుండా మొక్కింది, ఒక్క పేరు తప్ప. ఆ పేరు వదిలినందుకు ఊరికి జవాబు చెప్పక్కర్లేదు. ఆ పేరున్న మనిషికి చెప్పుకున్నాను. పురిటిపాకలోకి నా కాళ్లతో నేనే వెళ్లాను. మైల నాకు అంటలేదు, నేనే మైలకు అంటుకున్నాను. వెలివేస్తే వేసుకోండి.

భయం లేదని చెప్పను. మబ్బు కమ్మితే చాలు మల్బరీ తోట వైపు చూస్తున్నాను. పాపకు పాలు తాగడానికి ఓపిక లేదు. మంత్రసాని ఏమీ అనకుండా వెళ్లిపోతోంది.

ఇవాళ ఏడో నాడు. పాపను పారేద్దామన్నాను. నుయి, “నీలాగే మొండిది అవుతుందేమో” అని, కాసేపటికి, “అయితే అవనీ” అంది. ఎవరు ఎత్తుకోవాలో కూడా తనే చెప్పింది. ఎత్తుకున్నవాడు ఆ బిడ్డకు సగం తండ్రి. రెండు ఇళ్లూ జన్మంతా చుట్టాలే. “యాసుకే” అంది. ఊరు చూస్తుందే అన్నాను. “చూడనీ. నాకోసం పరిగెత్తింది ఆయనే” అంది.

మధ్యాహ్నం, ఎండలో, అందరూ చూస్తుండగా నాలుగు దారుల కూడలికి తీసుకెళ్లాను. చేటలో పట్టుదూది, దూదిలో పాప, పాప పక్కన నలిగిన చెర్రీ ఆకు. నేల మీద పెట్టాను. వెనక్కి తిరగకుండా నడవాలి.

నడిచాను. చెవులు మూసుకోవాలని చేతులు లేచాయి. రెండు చేతులనూ నడికట్టులో దోపుకున్నాను. వెనక ఏ చప్పుడూ లేదు. ఏడవడానికి కూడా దానికి ఓపిక లేదు కదా. యాసుకే రాలేదేమో, ఎవరైనా ఆపారేమో, దాని ఊపిరి ఆగిందేమో అనుకుంటూ నిలబడ్డాను. అయినా విన్నాను. చప్పుడు లేకపోవడాన్ని కూడా పూర్తిగా విన్నాను.

అప్పుడు ఊరంతా వినబడేలా వాడు కేకేశాడు. ఆ ఇంటి గొంతు ఊరి మధ్యలో వినబడి ఎన్నేళ్లయిందో.

“ఎవరిదమ్మా ఈ బిడ్డ? నాకు దొరికింది!”

ఆ కేకకు పాప ఉలిక్కిపడి ఏడ్చింది. సన్నగా, కోపంగా.

“మాది” అన్నాను.

పేరు మత్సు. పైన్ చెట్టు అనీ, ఎదురుచూడటం అనీ అర్థం. నుయి పెట్టింది. నన్ను అడగలేదు.

ఇది పొయ్యిలో వెయ్యను. స్వామి మొదటి నుంచి చదివి వినిపించాడు. నేను చెప్పినది చెప్పినట్టే ఉంది. నాకేమీ తెలియదు అన్న మాటలన్నీ అలాగే ఉంచమన్నాను.

సుతె, జింబేయి భార్య. కుడి బొటనవేలి గోటి గుర్తు.

సాక్షులు:
జెన్‌కాయి, రాసినవాడు.
యాసుకే, బిడ్డను ఎత్తుకున్నవాడు.
నుయి, కిసబురో భార్య. పాక గుమ్మంలో కూర్చుని అంతా విని గోటి గుర్తు వేసింది.